పదకొండో తారీఖు, రెండు జీబీ, ఒక లాప్‌టాప్

మల్కాజిగిరి వైపు నుంచి ఒకావిడ రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. విషయం కుదించి చెప్తాను.

ఈవిడ ఇంట్లోనే ఉండి ఒక ఆడిటర్ గారి పని చేస్తారు, అంటే చిన్న చిన్న షాపుల లెక్కలు టాలీ అనే సాఫ్ట్‌వేర్‌లో రాయడం, జీఎస్టీ రిటర్నులు వేయడం. 2025 ఆగస్టులో నగరంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తీసేసినప్పుడు వీళ్లింటి నెట్ కూడా పోయింది, మళ్లీ పెట్టించుకోలేదు. అప్పటి నుంచి ఒక పాత 4జీ ఫోన్‌లో రోజుకు 2 జీబీ వచ్చే సిమ్ వేసి, దాన్ని కిటికీలో ఛార్జింగుకి పెట్టి, ఆ హాట్‌స్పాట్ మీదే ఇల్లంతా నడిపిస్తున్నారు. ఈవిడ లాప్‌టాప్, పదో తరగతి చదివే బాబు ట్యాబ్, అత్తమ్మ ఫోను, మూడూ దాని మీదే. మామూలు రోజుల్లో సాయంత్రం దాకా సరిపోతుంది. కానీ ప్రతి నెలా పదో తారీఖు అటూ ఇటూగా ఒక రోజు పొద్దున తొమ్మిదికల్లా డేటా ఖాళీ. యాడ్-ఆన్ ప్యాక్ వేస్తే అదీ అరగంటలో అయిపోయింది. పదకొండున రిటర్ను వేయాల్సిన రోజు రాత్రి నెట్ సెంటర్‌కి పరుగెత్తాల్సి వచ్చింది. ఆ కోపంలో బాబు ట్యాబ్ లాక్కుని బీరువాలో పెట్టారు. వాడు "నేనేం చూడలే మమ్మీ" అన్నాడట, అంతే, ఆ రోజు నుంచి ముక్తసరిగా తప్ప మాట్లాడడం లేదు.

తర్వాత మరిది వచ్చి చూసి, "వదినా, ఇది లాప్‌టాప్ అప్‌డేట్ల పని" అని విండోస్ అప్‌డేట్ సర్వీసునే ఆపేసి వెళ్లాడు. అంతకుముందు ఈవిడే సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది వరకు పెట్టుకున్నారు, అప్‌డేట్లు రాత్రిపూటే వస్తాయిలే అనుకుని. ఇప్పుడు ఆడిటర్ గారు "మీ సిస్టమ్ అప్‌డేట్‌లో ఉందా" అని అడుగుతున్నారు. ఆయనకు ఏం చెప్పాలోనని ఈవిడకు టెన్షన్, భర్త మాత్రం "బంద్ ఉంటే బందే ఉండనీ, గంతే" అంటున్నారు. అలాగే వదిలేయాలా, బ్రాడ్‌బ్యాండ్ కోసం పట్టుబట్టాలా, బాబుతో ఏమని మాట్లాడాలి, ఇవీ ప్రశ్నలు.

సరే, మొదట ఆ యాక్టివ్ అవర్స్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ కష్టంలో సగం అక్కడే ఉంది. ఆ సెట్టింగ్‌కీ డేటాకీ అసలు సంబంధమే లేదు. మీరు పని చేసుకునే వేళల్లో లాప్‌టాప్ తనంతట తాను రీస్టార్ట్ కాకుండా చూడడం, అంతే దాని పని. అప్‌డేట్‌లో మూడు దశలు ఉంటాయి: దించుకోవడం, లోపల ఇన్‌స్టాల్ చేసుకోవడం, చివర్లో రీస్టార్ట్. మీ డేటా తినేది మొదటిది ఒక్కటే. మీరు తాళం వేసింది మూడో గదికి, దొంగ వచ్చింది మొదటి గదిలోకి. మీరొక్కరే కాదు, చాలామంది ఇలాగే అనుకుంటారు. ఆ పేరు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి.

ఇక పదో తారీఖు ఎందుకు? మైక్రోసాఫ్ట్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది, వాళ్ల పసిఫిక్ తీరం టైము ప్రకారం ఉదయం పదింటికి. మనకది మంగళవారం రాత్రి పదిన్నర, వాళ్ల చలికాలంలో అయితే పదకొండున్నర. మీరప్పటికే లాప్‌టాప్ మూసి పడుకుని ఉంటారు. బుధవారం పొద్దున తెరిచి హాట్‌స్పాట్‌కి కలపగానే అది కొత్తది వచ్చిందని చూసుకుని దించుకోవడం మొదలుపెడుతుంది. రెండో మంగళవారం అనేది 8వ తేదీకి ముందు రాదు, 14 దాటదు. అంటే మనకు అప్‌డేట్ చేతికొచ్చే బుధవారం 9 నుంచి 15 లోపు. అమ్మకాల వివరాలిచ్చే మీ జీఎస్టీఆర్-1 రిటర్ను గడువేమో 11. ఈ రెండూ నెలనెలా ఒకే వారంలో ఢీకొట్టుకోవడం మీ జాతకం కాదు, అమెరికాలో ఒకరు, ఢిల్లీలో ఒకరు వేర్వేరుగా పెట్టుకున్న క్యాలెండర్ల ఫలితం. నెలనెలా వచ్చే ఆ అప్‌డేట్ సైజు ఎప్పుడూ ఒకలా ఉండదు, కొన్ని వందల ఎంబీ నుంచి ఒక జీబీ దాటి కూడా పోతుంది. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ అయితే చాలాసార్లు కొన్ని జీబీలు ఉంటుంది. మీకున్నది రోజుకు రెండు జీబీ, అందులో ముగ్గురు వాటాదారులు.

యాడ్-ఆన్ ప్యాక్ అరగంటలో ఎలా పోయిందో కూడా ఇప్పుడు అర్థమైపోతుంది. రోజు కోటా అయిపోయాక చాలా ప్రీపెయిడ్ ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంతో గంటకు వచ్చేది దాదాపు 29 ఎంబీ, ఒక జీబీ దిగాలంటే ఒకటిన్నర రోజు పడుతుంది. అయినా లాప్‌టాప్ వదలదు, లాగుతూనే ఉంటుంది. మీరు పాపం జీఎస్టీ పోర్టల్ తెరుచుకోవాలని ప్యాక్ వేశారు, స్పీడు వచ్చింది, సగంలో ఆగిన డౌన్‌లోడ్ ఆ స్పీడంతా అందుకుని మిగతాది పూర్తి చేసుకుంది. డబ్బులు మీవి, పని దానిది.

అయితే ఇది నా అంచనా. మీ ఇంటి సంగతి ఇక్కడ కూర్చుని ఖాయంగా చెప్పలేను, మీ మరిది కూడా చూడగానే చెప్పేశాడు తప్ప లెక్క తీసినట్టు లేదు. మీరు లెక్కల మనిషి కదా, లెక్కే తీయండి. లాప్‌టాప్‌లో సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంటుంది, దాని లోపల యాక్టివిటీ మానిటర్. ఈ నెల ఒకటో తారీఖు నుంచి అప్‌డేట్ల కోసం ఎంత దించుకుందో అక్కడ కనిపిస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిస్తే గత 30 రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో వస్తుంది. ఇప్పుడు సర్వీసు ఆపి ఉంది కాబట్టి ఈ నెల అంకె చిన్నదిగానే ఉండొచ్చు, డేటా యూసేజ్‌లో కిందటి వారాలు కూడా కలుస్తాయి కాబట్టి అది ముందు చూడండి. బాబు ట్యాబ్‌లో వై-ఫై వాడకం అనే చోట ఆ తేదీల లెక్క ఉంటుంది, వాడి ముందే తెరవండి. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌లో మాత్రం వెతక్కండి, చాలా ఫోన్లు అందులో హాట్‌స్పాట్ మొత్తాన్ని ఒకే పద్దుగా చూపిస్తాయి, ఎవరెంత అన్నది తేలదు.

అన్నట్టు అత్తమ్మ గారి ప్రవచనాల సంగతి ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేశారు. యూట్యూబ్‌లో వీడియో క్వాలిటీ 720పీలో ఉంటే గంటకు ఒక జీబీ దాకా పోవచ్చు, ఒకటి అయ్యాక ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది, పెద్దావిడ ఈలోపు కునుకు తీస్తారు. ఆమెను ఎవరూ అనుమానించరు, ట్యాబ్ చేతిలో ఉన్నవాడినే అంటారు. ఆమె ఫోన్‌లో ఆటోప్లే తీసేసి, క్వాలిటీ డేటా సేవర్‌లో పెట్టండి. వినడానికే కదా, బొమ్మ కాస్త మసకగా ఉంటే నష్టం లేదు. ఈ ఒక్క పనికి ఇంట్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీ మరిది ఆపిన సర్వీసును అలాగే వదిలేయాలా. వదిలేస్తే ఏమవుతుందో చెప్తాను, నిర్ణయం మీది. డేటా మిగులుతుంది, అది నిజం. కానీ మీ లాప్‌టాప్‌లో ఉన్నవి మీ ఇంటి ఫొటోలు మాత్రమే కాదు, ఇంకొకరి షాపుల లెక్కలు, వాళ్ల పోర్టల్ లాగిన్లు. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బులు అడిగింది, ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలల టైముంది, వేసుకోని సిస్టమ్‌లు దొరికిపోయాయి. అందుకని ఆడిటర్ గారు అడిగింది చాదస్తమేమీ కాదు. ఇంకో సంగతి, ఆ సర్వీసును అలా బలవంతంగా ఆపితే విండోస్ చాలాసార్లు తనంతట తానే మళ్లీ మొదలుపెట్టుకుంటుంది. అంటే మీరు ఆగిందన్న ధీమాతో ఉంటారు, అదేమో ఏదో ఒక పదో తారీఖు పొద్దున నిద్ర లేస్తుంది. మీ వారు అన్నట్టు బంద్ ఉండేదైతే వేరే మాట, అది బంద్ ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు.

పదిహేను రోజులు ఆలస్యంగా వేసుకోవడం వేరు, ఎప్పటికీ వేసుకోకపోవడం వేరు. నాకు నచ్చే దారి ఆలస్యం చేసేది, అదీ మీ చేతుల్లో పెట్టుకుని. దానికి విండోస్‌లో మీటర్డ్ కనెక్షన్ అనే మీట ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వై-ఫై, మీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కితే ప్రాపర్టీస్, అక్కడ మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. ఈ నెట్ లెక్కపెట్టి వాడుకునేది అని లాప్‌టాప్‌కి చెప్పినట్టు. ఆ తర్వాత అప్‌డేట్లలో చాలా వాటిని అది మీరు అడిగితే తప్ప దించుకోదు, మరీ అత్యవసరమైనవి ఏవో చిన్నవి మాత్రం రావచ్చు. పక్కనే విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో, మీటర్డ్ కనెక్షన్ల మీద కూడా దించుకో అనే అర్థమొచ్చే మీట ఇంకొకటి ఉంటుంది, అది ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇది ఆన్‌లో ఉంటే పైన చేసినదంతా దండగ.

దీనికి మూల్యం కూడా ఉంది. ఆ మీట ఒక్కో నెట్‌వర్క్‌కి విడివిడిగా పెట్టాలి. రేపు ఫోన్ మార్చినా, హాట్‌స్పాట్ పేరు మార్చినా మళ్లీ పెట్టుకోవాలి, కేబుల్‌తో ఫోన్‌ని లాప్‌టాప్‌కి కలిపితే అది ఈథర్‌నెట్ కింద వస్తుంది కాబట్టి అక్కడ వేరే. అవుట్‌లుక్ వాడుతుంటే అది మెయిల్ తేవడం ఆపి, కలపమంటారా అని అడగొచ్చు. ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే వన్‌డ్రైవ్ సింక్ ఆగిపోతుంది. ఇది మీకు మంచిదే, ఎందుకంటే పైకి పంపే డేటా కూడా మీ రెండు జీబీలోంచే పోతుంది, రోజూ టాలీ బ్యాకప్ వన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుంటే అదీ ఒక తిండిపోతే. కాకపోతే బ్యాకప్ జరుగుతోందని మీరు అనుకుంటూ ఉంటారు, అది ఆగిపోయి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోనో బయటి హార్డ్ డిస్క్‌లోనో కాపీ తీసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇక అన్నిటికంటే పెద్ద మూల్యం, గుర్తు పెట్టుకుని వేసుకోవాల్సిన బాధ్యత మీ మీదికి వస్తుంది. మర్చిపోయేవాళ్లకు నేనిది చెప్పను. మీరు గడువులతోనే బతికే మనిషి, మీకు కుదురుతుంది.

వేసుకునేది ఎప్పుడంటే, నల్లా వచ్చినప్పుడు సంపు నింపుకున్నట్టే. రోజుకింత అని వచ్చే ప్లాన్లలో మిగిలిన డేటా మామూలుగా అర్ధరాత్రి దాటితే పోతుంది, రేపటికి కలవదు. ట్యాబు, ప్రవచనాలు అదుపులోకి వచ్చాక రాత్రి పదింటికి ఎంతో కొంత మిగిలే రోజులు ఉంటాయి. 11 దాటి, 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ, అంటే పన్ను కట్టే నెలవారీ రిటర్ను, హడావిడి మొదలవకముందు, అంటే 13 నుంచి 17 మధ్యలో అలాంటి రాత్రి ఒకటి చూసుకుని, అప్‌డేట్ పేజీలో డౌన్‌లోడ్ నొక్కి, లాప్‌టాప్ నిద్రపోకుండా ఛార్జింగులో పెట్టి వదిలేయండి. ఒక్క రాత్రికి పూర్తి కాకపోయినా ఫరవాలేదు, సాధారణంగా ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకుంటుంది, మొదటి నుంచి రాదు. దిగిపోయాక ఇన్‌స్టాల్‌కీ రీస్టార్ట్‌కీ మళ్లీ పెద్దగా డేటా పోదు. కానీ రీస్టార్ట్ మాత్రం రిటర్నులు వేసే రోజు పెట్టుకోకండి. శాతం అంకెలు తిరుగుతూ లాప్‌టాప్ అరగంట మొండికేస్తే, అవతల షాపాయన ఫోన్ మోగుతుంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో దారి పాజ్ అప్‌డేట్స్. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఉంటుంది, వారం వారంగా ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు. మీటర్డ్ మీట మీద నమ్మకం కుదిరే దాకా, 8వ తేదీన పాజ్ నొక్కి రెండు వారాలు ఊపిరి పీల్చుకోవచ్చు. దీని తిరకాసు ఏంటంటే చాలా సిస్టమ్‌లలో ఆ ఐదు వారాల పరిమితి నిండాక, పెండింగ్ ఉన్నవన్నీ వేసుకుంటే గానీ మళ్లీ పాజ్ చేయనివ్వదు, పైగా అది మళ్లీ ఏ రోజున తెరుచుకుంటుందో ఆ రోజు మీకు అనుకూలమైనదే కావాలని లేదు. నేనైతే దీన్ని సాయానికి ఉంచుకుంటాను, దీని మీదే ఆధారపడను.

మీ వారి ఫోన్ 5జీ అని రాశారు. 2 జీబీ, ఆపైన ఉండే ప్లాన్లు కొన్నింటిలో 5జీ సిగ్నల్ ఉన్న చోట డేటా లెక్కలోకి రాదు. ఆయన ప్లాన్‌లో అది ఉందా, హాట్‌స్పాట్‌కి కూడా వర్తిస్తుందా అని కస్టమర్ కేర్‌ని అడగండి. ఉంటే నెలకో సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చాక ఆ ఫోన్ మీద అప్‌డేట్ కానిచ్చేయొచ్చు, కిటికీలోని పాత ఫోన్‌ని దీనికి ముట్టుకోనక్కర్లేదు. ఏడాదికోసారి వచ్చే పెద్దదానికి మాత్రం ఉప్పల్‌లో ఉన్న మీ చెల్లెలి ఇల్లే నయం, వాళ్లకు ఫైబర్ ఉందన్నారు కదా. ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని భోజనానికి వెళ్లండి. నెట్ సెంటర్‌కి మాత్రం ఆ లాప్‌టాప్ తీసుకెళ్లి ఊరూ పేరూ తెలియని వై-ఫైకి కలపకండి, క్లయింట్ల లాగిన్లు అందులోనే ఉన్నాయి.

బ్రాడ్‌బ్యాండ్ కోసం పట్టుబట్టాలా అంటే, నా ఓటు పెట్టించుకోమనే. మామూలు ఫైబర్ ప్లాను నెలకు నాలుగైదు వందల్లో మొదలవుతుంది, 18 శాతం జీఎస్టీ అదనం. అన్‌లిమిటెడ్ అన్నవాటికి కూడా లోపల ఒక గీత ఉంటుంది, చాలావాటిలో నెలకు 3.3 టీబీ, అంటే దాదాపు 3,300 జీబీ, మీ ఇంటికి అది తరగదు. పెట్టించుకుంటే ఈ ఉత్తరంలో నేను చెప్పిన సగం మీటలు అక్కర్లేదు. కానీ మీ వారితో ఇది మాట్లాడేటప్పుడు "బాబు చదువు" అని మొదలుపెట్టకండి, అది మళ్లీ వాడి మీదికే పోతుంది. ఈ మూడు నాలుగు నెలల్లో వేసిన యాడ్-ఆన్ ప్యాకులు, నెట్ సెంటర్ ఖర్చు, ఆటో ఖర్చు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. ఆ సిమ్ రీఛార్జ్ కూడా కలపండి. ఫైబర్ బిల్లుకీ దానికీ తేడా ఎంతో చూసి ఆయనే చెప్తారు. తేడా ఎక్కువే అనిపిస్తే వద్దనుకోండి, పై పద్ధతితో నడుస్తుంది, కాస్త జాగ్రత్త కావాలి అంతే. మీ వీధిలో లైను మళ్లీ వేయడానికి ఎన్నాళ్లు పడుతుందో కూడా ముందే అడిగి తెలుసుకోండి.

ఆడిటర్ గారికి అబద్ధం చెప్పే అవసరమే లేదు. "ఇంటి నెట్ పరిమితం సార్, అప్‌డేట్లు 13 నుంచి 17 మధ్యలో వేసుకుంటాను" అనండి. నెలకోసారి కచ్చితంగా వేసుకునే మనిషిని ఆయన కాదనే అవకాశం తక్కువ. ఒకవేళ వచ్చిన రెండు మూడు రోజుల్లోనే వేయాలి అంటే, మీ డేటా ఖర్చు కొంత ఆయన భరించగలరా అని అడగడంలో తప్పు లేదు, అది ఆయన పని కోసమే కదా.

బాబు. లెక్క తీశాక రెండు రకాలుగా తేలొచ్చు. లాప్‌టాపే తిన్నదని తేలితే ఆ అంకెలు వాడికి చూపించండి, "ఇదిగో, నేను అన్నది తప్పు" అనేస్తే చాలు, దాని చుట్టూ ఉపన్యాసం వద్దు. ఆ వయసు పిల్లలకు సారీ కంటే రుజువు ఎక్కువ నచ్చుతుంది. వాడూ కొంత చూశాడని తేలితే, అది చాలా ఇళ్లలో తేలేదే, అప్పుడూ మొత్తం నింద వాడి మీద వేయొద్దు. వాడికి ఇంత, అత్తమ్మకి ఇంత, మీ పనికి ఇంత అని రోజు కోటా పంచుకోండి, ట్యాబ్‌లో హెచ్చరిక వచ్చేలా పరిమితి వాడి చేతే పెట్టించండి. పరీక్షల ఏడాది, పాఠాల వీడియోలు కూడా దాంట్లోనే ఉంటాయి, ఆ ట్యాబ్ బీరువాలో ఉన్నంత కాలం నష్టపోతున్నది వాడొక్కడే. లెక్క తేలేదాకా ఆగకుండా ట్యాబ్ ముందే ఇచ్చేయండి.

విండోస్ 10 ఇంకా వాడుతున్న మిగతా పాఠకులకు ఒక ముక్క: దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. మీకు డేటా గొడవ కంటే ముందు అది చూసుకోవాలి.

ఇక మిగిలింది మరిది గారు ఆపిన సర్వీసు. ముందు మీటర్డ్ మీట ఆన్ చేయండి, ఆ తర్వాతే సర్వీసెస్ అనే విండోస్ జాబితాలో విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్డ్ నుంచి మాన్యువల్‌కి మార్చండి. వరస తప్పితే మార్చిన నిమిషంలోనే అది నెలల బాకీ అంతా దించుకోవడం మొదలుపెడుతుంది. అతను చేసిందే కాబట్టి అతన్నే పిలిపించి చేయించుకున్నా ఫరవాలేదు, పక్కన బాబుని కూర్చోబెట్టండి, వచ్చేసారికి వాడే చేస్తాడు. ఈ పని ఈ నెల రెండో మంగళవారం లోపు అయిపోవాలి.